రెండో డబ్బా

గట్లెట్ల రాసియ్యమంటరు మేడం? ‘నేను చూడకుండనే కొలతలు రాసిన, తప్పయింది, మాఫ్ చేయుండ్రి’ అని. కింద సంతకం. ఏడో తరగతి పొల్లతోని. ఇయ్యాల ఆఖరి పీరియడ్ లోపట ఇయ్యాల్నట. పొద్దుగాల సంచిల తెల్లకాయిదం పెట్టుకుంటుంటే ఏందే గది అని అడిగిన. చెప్పింది. చెప్పి బస్సెక్కి పోయింది. నేను వాకిట్ల నిలబడ్డకాడ్నే ఉన్న.

కూసుంట, కూసుంట. మీరు తినుండ్రి. నేనొచ్చినని టిఫిన్ మూత పెట్టకుండ్రి. పిల్లలు అన్నం తినే టైము గీ అర్ధగంటనే అని నాకెర్కనే.

నేను పూర్ణిమ తాతను. లింగన్న. గేటు కాడ మీ వాచ్‌మెన్ పుస్తకం తీసి, పేరు చెప్పు తాతా, నేను రాస్త అన్నడు. నా తలకు తువ్వాల చూసి అన్నడు. పెన్ను ఆయన చేతులకెల్లి తీసుకొని నేనే రాసిన. జర లేటయింది గని నేనే రాసిన.

హెడ్‌సారు దగ్గరికి పోలే. సైన్సు చెప్పేది మీరు గద, నజీరా మేడం అని మా పొల్ల రోజు మీ ముచ్చటే తీస్తది. మేడం గిట్లన్నది, మేడం గట్లన్నది. గందుకే మీ దగ్గరికొచ్చిన.

అసలు ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీ బడిల ప్రాజెక్టులు ఎవలు చేస్తున్నరో మీకెర్క లేదా?

మొన్న మండలం సైన్స్ ఫేర్‌ల నేను గూడ ఉన్న. అన్ని బల్లలు తిరిగి తిరిగి చూసిన. గా బబ్లు అగ్గికొండ చేసిండు గద, పొగొచ్చేది. వాళ్ల నాయన కరెంటు పని చేస్తడు. పిల్లగాడు బల్ల ముంగట, నాయన బల్ల ఎనుక, చేతుల స్విచ్చు. జడ్జి సారు పిల్లగాన్ని అడిగితే నాయన జవాబు చెప్పిండు. ఇంకో పాప దగ్గర సూర్యుడు, చంద్రుడు, అన్ని గ్రహాలు మస్తు తిరుగుతున్నయి. నిజామాబాద్‌ల కొన్నది. అడుగున షాపు స్టిక్కర్ గూడ తియ్యలే. వాళ్లకు ప్రైజులొచ్చినయి. సప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన, ఏం జేస్త.

వాళ్లతోని రాయించిండ్రా మాఫీ కాయిదం?

మా ఇంట్ల గూడ గదే లొల్లి అయితుండె. మా నవీన్, నా కొడుకు, ట్రాక్టర్ షోరూంల చేస్తడు, పొద్దంత అండ్లనే ఉంటడు. ఫోన్‌ల బొమ్మ చూపిచ్చి, గిది చెప్తే రెండు రోజులల్ల చేసిస్తరు నాయనా అన్నడు. కోడలు గూడ సై అన్నది. నేను ఒద్దన్న. పొల్ల ప్రాజెక్టు పొల్లనే చేస్కోవాలె, మీరు ఏలు పెడితే నేను అన్నం ముట్ట అన్న. మొండోన్ని అంటరు నన్ను. అననీయుండ్రి. కోడలు కరుణశ్రీ రెండు రోజులు నాతోని మాట్లాడలే. చాయ్ గిలాస గూడ దూరంకెల్లే పెట్టింది.

గట్ల పంతం పట్టి పొల్లకు వదిలిపెట్టిన. నేనే.

ఆమెనే ఆలోచించుకున్నది మేడం. ఇంటికి సున్నాలేసినంక మిగిలిన ప్లాస్టిక్ పెయింట్ డబ్బాలు రెండు, కడిగి ఎండబెట్టుకున్నది. రెండిట్ల ఒక్క తీరు మన్ను, రెండిటికి అడుగున ఒక్కొక్క బొక్క. మా విత్తనం కుప్పల కూసొని, పసుపు కొమ్ములు ఒకదాని పక్కన ఒకటి పెట్టి పెట్టి, సమానంగున్నయి రెండు ఏరుకున్నది. వాన పడకుండ రేకుల కింద పెట్టింది. వానపడితే లెక్క తప్పుతదట.

తాతా, మొదటి డబ్బాకు నాలుగు రోజులకొకపారి నీళ్లు, రెండోదానికి పొద్దున రెండు చెంబులు, మాపటికి రెండు చెంబులు అన్నది. నేను నోరు తెరిచిన. నలభై ఏండ్ల సంది పసుపు ఏసేటోన్ని, నోరు తెరవకుండ ఉంటనా? ఉరికొచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. ‘నువ్వు చెప్పకు తాతా. నేను చూసి రాస్త.’

గంతే. ఇగ నేను చెప్పలే.

ప్రతి ఐతారం స్కేలు పెట్టి కొలిచింది. ఆకు ఎంత పొడుగు, ఎంత ఎడల్పు, ఎన్ని పిలకలు. జ్వరమొచ్చిన ఐతారం గూడ దుప్పటి కప్పుకొనే వచ్చి కొలిచింది. గా నోట్‌బుక్కు మీ బల్ల మీదనే ఉన్నది గద, గా నీలి అట్టది. అండ్ల ఒక్క అంకె గూడ అబద్ధం లేదు. నేను ఒట్టు పెట్టి చెప్త. దేని మీద పెట్టమంటె దాని మీద పెడత.

మరి గా జడ్జి సారు ఏమన్నడు? మీరు చూసిండ్రు గద, మీరు గక్కడనే ఉంటిరి.

ఎంత ఎక్కువ నీళ్లు పోస్తే పసుపు అంత మంచిగ పెరుగుతది అని రాసినవ్, గిదేంది పాపా, మీది ఏ ఊరు అన్నడు. ఆర్మూర్ సార్. మీ ఇంట్ల పసుపు ఏస్తరా. ఏస్తం సార్. ఆర్మూర్ల పుట్టి, పసుపు ఏసే ఇంట్ల ఉండి గిట్ల చెప్తవా, నీళ్లు నిలవడితే పసుపు కుళ్లుతది, గోడను అడిగినా చెప్తది, మీ తాతనన్న అడగకపోయినవా అన్నడు. అందరు నవ్విండ్రు. పొల్ల నవ్వలే, ఏడ్వలే. ‘తాత గూడ చూసిండు సార్. రోజు చూసిండు’ అన్నది.

నేను ఎనుక కుర్చీలల్ల ఉన్న. ఆమె మెడ తిప్పి నన్ను దేవులాడింది.

నేను ఒంగి చెప్పులు సర్దుకున్న.

ఆయన ఎర్ర పెన్నుతోని ‘కొలతలు నమ్మదగినవి కావు’ అని రాసిండు. గది నేను చదివిన మేడం. చదువు రాకుంటె బాగుండు అనిపిచ్చింది గప్పుడు.

ఏమంటరు?

గదే, మీ అనుమానం ఎర్కనే నాకు. కొలతలు నిజమైతే గన్ని నీళ్లల్ల చెట్టు ఎట్ల బతికింది అని. బతుకుతది మేడం. ఒక్కోపారి బతుకుతది. మన్ను మంచిదైతే, కొమ్ము గట్టిదైతే. అన్నిటికి పుస్తకాలల్ల ఉన్నట్టే అయితదా? మనిషి గూడ అందరు పోతడన్నోడు బతుకుతలేడా?

గట్ల చూడకుండ్రి.

మీరు తినుండ్రి. చపాతీలు సల్లారిపోతున్నయి.

శ్రావణంల మొదలైంది. రెండో డబ్బాల ఆకు కొసలు పసుపుపచ్చగ అయినయి. తర్వాత కింద, మన్నుల కలిసే కాడ కాండం మెత్తవడ్డది. ఒకనాడు పొద్దుగాల దాని పక్కకెల్లి పోతుంటే వాసనొచ్చింది. దుంపకుళ్లు వాసన. గా వాసన మీకెర్క లేదు మేడం. ఎర్క కావొద్దు గూడ.

అంతకు ముందటేడు మూడు రోజులు తెరిపి లేని వాన పడ్డది గద. మా ఎకరం చేన్ల నీళ్లు నిలవడ్డయి. కాలువ తీసిన, నడుము ఇరిగేదాంక తీసిన. పోలే నీళ్లు. పైన చూస్తే ఆకు నిగనిగలాడుకుంట ఉండె. వాన ఎలిసినంక ఒక చెట్టు పట్టి గుంజితే దుంప నా చేతుల్నే పిసికిన అరటిపండు లెక్క అయిపోయింది. ఇంకోటి గుంజిన. గట్లనే. సాలు ఎంబడి సాలు. మా ముసల్ది గట్టు మీద కూసొని, ఇగ గుంజకు, ఊకో అన్నది. నేను ఊకోలే. ఎకరం మొత్తం గుంజి చూసిన. ఒక్కటన్న గట్టిది దొరుకుతదేమో అని.

మల్ల గా వాసన మా ఇంట్ల, మా పొల్ల పెట్టిన డబ్బాలకెల్లి వస్తే నేనెట్ల ఊకుంట?

చెప్తున్న. ఇగ చెప్తున్న గద.

ఎనిమిదింటికి బడి బస్సు పోయింది. కొడుకు పోయిండు. నేను గోనెసంచి పరిచి, రెండో డబ్బాను బోర్లించిన. దుంపల సగం పోయింది. పోయిన కాడికి కత్తితోని కోసి తీసేసి, ఉన్నదానికి బూడిద పూసిన. ఇనుప చువ్వ పొయ్యి మీద కాల్చి డబ్బా అడుగున ఇంకో ఐదు బొక్కలు పొడిసిన. కోడలు లోపటికెల్లి ఏందో కాలిన వాసనొస్తున్నది మామా అంటే, తెగిన చెప్పు కాల్చి అతికిస్తున్న బిడ్డా అన్న. మన్నుల ఇసుక, వేపపిండి కలిపి నింపిన. మీద మాత్రం పాత మన్నే పరిచిన. ఐస్‌క్రీం పుల్ల మీద ‘2’ అని రాసి గుచ్చింది పొల్ల, దాన్ని గూడ ఎటు మొకం ఉండెనో అటే గుచ్చిన.

ఒక్కపారే అనుకున్న మేడం. ప్రాణం పోస్కున్నదంటే ఇగ ముట్ట అనుకున్న.

మాపటికి వచ్చి ఆమె మల్ల రెండు చెంబులు పోసింది. ఆమె లెక్క ఆమెది. తెల్లారి మల్ల బస్సు పోయినంక డబ్బాను ఓ పక్కకు ఒంచి నీళ్లు తీసిన. తర్వాత రోజు బస్సు పోయినంక కింద ఇటుక ముక్క పెట్టి, ఆమె వచ్చే యాళ్లకు తీసేసేది, ఐతారం పెట్టేదే కాదు. నాలుగు నెలలు. ఆమె పోసుడు, నేను ఒంచుడు.

చెయ్యి ఊకోదు మేడం. మీరు చెప్పుండ్రి, పిల్ల రాసిన దాంట్ల దీర్ఘం తప్పుంటె మీ పెన్ను ఊకుంటదా? గట్లనే నాది గూడ. నా ముంగట చెట్టు మునుగుతుంటే చూసుకుంట కూసునుడు నాకు ఎవ్వలు నేర్పలే.

మేక ఎరువు మాత్రం... గది ఒద్దుండె. గది బతికిచ్చెతందుకు కాదు. ఏసిన. ఎందుకేసిన అంటె, మొదటి డబ్బా కంటె గిది చిన్నగ కనవడుతుంటె నాకు సైసలే. నాది అనిపిచ్చింది. నిజం చెప్తున్న, గప్పటికే రెండోది నాది అనిపిచ్చింది.

దసరా ఎల్లినంక ఒక ఐతారం కొలిచి, స్కేలు పట్టుకొని ఉరికొచ్చింది. ‘తాతా, రెండోది దాటేసింది. మొదటిదాన్ని దాటేసింది.’ నా మెడకు ఉరేసినట్టు పట్టుకున్నది. గప్పుడు చెప్పేది ఉండె. నోటిదాంక వచ్చింది. గని పొల్ల గంత ఖుషీల ఉన్నది, నేను గూడ ఖుషీలనే ఉన్న. అవునా బిడ్డా అన్న. గంతే. అవునా బిడ్డా అని ఊకున్న.

మీరు కోపం చేయకుండ్రి. నాకు అక్షరాలు ఎట్లొచ్చినయో ఎర్కేనా? రాత్రి బడిల. మార్కెట్ యార్డుల బస్తాలు మోసినంక, చేతుల సత్తువ లేకుండ పోయి కూసుండేది. ఏసయ్య సారని ఉండె. పలక మీద నా చెయ్యి తిరగకపోతే ఆయన చెయ్యి నా చెయ్యి మీద పెట్టి దిద్దిచ్చిండు. ముప్పై ఏండ్ల మొగోన్ని, పిల్లగాని లెక్క. గది గూడ తప్పేనా మరి? ఆయన పట్టకుంటె నేనియ్యాల మీ గేటు కాడ సంతకం పెట్టేటోన్నా?

...

అవును.

అవును మేడం. ఆయన పట్టుకున్నది నాకెర్క. మా పొల్లకెర్క లేదు.

నిన్న మాపటికి ఏం చేసిందో ఎర్కేనా? బడికెల్లి వచ్చింది, సంచి తియ్యలే, డబ్బాల కాడ కూసున్నది. ఒక్కటే ఆకు మూడుపార్లు కొలిచింది. స్కేలు ఎండకు పెట్టి చూసింది, దాని మీద గీతలు సరిగున్నయా లేవా అని. ఇంట్లకు పోయి వాళ్ల నాయన పాత స్కేలు తెచ్చి, రెండు పక్కపక్కన పెట్టి చూసింది. మల్ల కొలిచింది. తర్వాత నిమ్మలంగ అన్నది, ‘నేనే సరిగ చూడలేదేమో తాతా. రాసిస్త తీయ్.’

గప్పుడు గూడ నేను చెప్పలే.

పొద్దుగాల బస్సెక్కేటప్పుడు మల్ల మనసొప్పలే ఆమెకు. కాలు మెట్టు మీద పెట్టి మల్లి చూసి అన్నది, తాతా, నువ్వొచ్చి మేడంకు చెప్తవా, నువ్వు రోజు చూసినవ్ గద, నువ్వు చెప్తే నమ్ముతది అని. సాక్ష్యానికి పిలిచింది మేడం నన్ను. గందుకే వచ్చిన. ఆమె సాక్షిని నేను.

గా నోట్‌బుక్కు ఇటియ్యుండ్రి జర. మొదటి పేజీ. కాదు, దాని ఎనుకది. గిక్కడ, చూడుండ్రి, నేను ఏలు పెట్టి చదువుత, గట్ల చదివితేనే నాకొస్తది. ‘నా... ఊహ. రెండో డబ్బాలోని మొక్క కుళ్లిపోతుంది. ఎందుకంటే వేళ్లకు గాలి అందదు.’ తారీకు చూసిండ్రా? జూన్. కొమ్ము పెట్టిన్నాడు రాసింది. నేను చెప్పలే. ఎవ్వలు చెప్పలే. పన్నెండేండ్ల పొల్ల కూసొని ఆలోచించి నిజం పట్టుకున్నది. నాకు నలభై ఏండ్లు, ఒక ఎకరం పోయినంక తెలిసింది, ఆమెకు ఊకెనే తెలిసింది.

ఇగ ఆఖరి పేజీ. ‘నా ఊహ తప్పు అని తెలిసింది. మనం అనుకున్నది కాదు, కళ్లతో చూసిందే నిజం.’

గిది నేను చదివిన్నాడు నాకు అన్నం పోలే.

చెట్టును బతికిచ్చిన అనుకున్న మేడం. షాపుల కొన్నోళ్లను చూసి నవ్విన. వాళ్లు అట్టముక్కలు కొనిచ్చిండ్రు, గంతే. వాళ్ల పిల్లలకు ఎర్కనే, గిది మా నాయన చేసిండు అని. నేను నా పొల్ల కండ్లల్లకు పోయి చేసిన పని. ఆమెకు తెలిసిన నిజాన్ని ఆమెతోనే కొట్టేయిచ్చిన.

ఒక కాయిదం ఇయ్యుండ్రి. నేను రాసిస్త. లింగన్న అనే నేను, డబ్బాకు బొక్కలు పెట్టిన, మన్ను మార్చిన, పొల్లకు ఎర్క లేదు అని రాస్త. హెడ్‌సారుకు చూపియ్యుండ్రి, గా జడ్జి సారుకు పంపుండ్రి, గోడకు అతికియ్యుండ్రి. దీర్ఘాలు తప్పుంటె దిద్దుకోండ్రి. పొల్ల రాసుడు మాత్రం ఒద్దు.

రాస్త. రాస్త గని... ఆమెకు మీరు చెప్తరా?

డబ్బాకు బొక్కలు ముందుగాలనే ఎక్కువున్నయి, చూసుకోలే అని చెప్పుండ్రి. పెయింట్ డబ్బా గద, పగిలి ఉంటది. మీరు మేడం, మీరు చెప్తే నమ్ముతది. తప్పు ఎవలది కాకుండ పోతది.

గట్ల చెప్పరా.

అవునవును. మల్లొక అబద్ధమే. నా నోట్లకెల్లి గదే వస్తున్నది.

పొల్లను పిలిపిచ్చిండ్రా? ఎప్పుడు? ఇందాక తలుపు కాడికొచ్చిన పాపతోని చెప్పింది అందుకేనా. నేను మంచినీళ్లకు పంపిండ్రనుకున్న.

మీరు బయటికి పోకుండ్రి మేడం. ఇంక ఐదు నిమిషాలున్నది గద గంటకు. గిక్కడనే ఉండుండ్రి. నాకు ఒక్కనికి చాతకాదు.

గదిగో వస్తున్నది. నవ్వుకుంట వస్తున్నది చూసిండ్రా. తాత వచ్చిండు, చెప్పిండు, ఇగ అయిపోయింది అనుకుంటున్నది. చెప్తే ఆమె కండ్ల మీద ఆమెకు నమ్మకం వస్తది. నా మీద పోతది. పోనీయుండ్రి. ముసలోన్ని, ఎన్నటికన్న పొయ్యేదే.

రా బిడ్డా. రా, కూసో. గా కాయిదం సంచిలనే ఉండనీ, తియ్యకు. నువ్వు తప్పు కొలవలే. స్కేలుది తప్పు లేదు. నీ కండ్లది గూడ లేదు.

పొద్దుగాల నువ్వు బస్సెక్కి పోయినంక ఇంటికాడ తాత ఏం చేస్తడో ఎన్నడన్న అడిగినవా బిడ్డా?

అడగలే. ఎందుకడుగుతవ్.